రెసిడెన్సీకి మార్కులెంత కావాలి?

మా మందిరములో ప్రార్థన విన్నపములు వేసే పెట్టె ఒకటి ఉన్నది. మేము ఈ సంఘమునకు సేవకై వచ్చిన తొలి దినములలో ఆ పెట్టె తెరిస్తే ఎంసెట్ ర్యాంకు కొరకు, బి.ఇడి. సీటు కొరకు, బ్యాంకు పరీక్ష కొరకు అని చీటీలు ఉండేవి. కొన్ని సంవత్సరములుగా వాటి నడుమ క్రొత్త మాటలు కనబడుచున్నవి. "మా అమ్మాయి స్టెప్ 2 స్కోరు కొరకు", "మా అబ్బాయి మ్యాచ్ కొరకు" అని వ్రాస్తున్నారు. మొదటిసారి "మ్యాచ్ కొరకు" అన్న చీటీ వచ్చినప్పుడు స్త్రీల సమాజములోని ఒక పెద్దమ్మగారు లేచి, ఆ బిడ్డకు భక్తిగల వరుడు దొరకాలని కన్నీటితో ప్రార్థించారు. ఆమెన్ అన్నవారిలో సగము మందికి అది పెండ్లి సంబంధము కాదని తెలుసు. అయినను ఎవరూ సరిదిద్దలేదు. వరుడు దొరికినా మంచిదే గదా!

మేము చదివినది వేదాంత డిప్లొమా. అందులో మాకెన్ని మార్కులు వచ్చినవో ఈ ఇరవై ఏండ్లలో ఒక్కరూ అడగలేదు. అందుచేత ఈ డాక్టరు చదువుల లెక్కలు మాకు స్వతహాగా తెలిసినవి కావు. తలిదండ్రుల ప్రక్కన కూర్చుండి, పిల్లల కాగితములు చూచి, వారు చెప్పగా విని నేర్చుకొన్నవి. మన కుటుంబములలో అనేకులకు ఇది అవసరమైన సంగతి గనుక తెలిసినంత మట్టుకు వ్రాస్తున్నాము.

ఇక్కడ ఎంబిబిఎస్ పూర్తి చేసిన వారు అమెరికాలో స్వతంత్రముగా వైద్యము చేయవలెనంటే, సాధారణముగా అక్కడి ఆసుపత్రిలో రెసిడెన్సీ అనే శిక్షణ పొందవలసి ఉంటుంది. ఇంటర్నల్ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్, పిల్లల వైద్యము మూడేసి సంవత్సరములు. మానసిక వైద్యము నాలుగు. జనరల్ సర్జరీ ఐదు. దానికి ముందు ఇసిఎఫ్‌ఎంజి అనే సంస్థ ఇచ్చే ధ్రువపత్రము కావాలి. అందుకొరకు యుఎస్‌ఎంఎల్ఇ అను పరీక్షలలో స్టెప్ 1, స్టెప్ 2 సికె అనే రెండు భాగములు ఉత్తీర్ణులు కావాలి. మూడవ స్టెప్ తరువాతనైనా వ్రాయవచ్చును. ఇవి గాక ఇంగ్లీషులో రోగితో మాటలాడగల శక్తికి ఓఇటి అనే పరీక్ష ఉన్నది.

2022 జనవరి 26కు ముందు స్టెప్ 1కు మూడంకెల స్కోరు ఇచ్చేవారు. ఆ స్కోరే అభ్యర్థి తలరాత అన్నట్టు ఉండేది. ఆ దినము నుండి అంకె తీసివేసి, పాస్ లేదా ఫెయిల్ అని మాత్రమే చెప్పుచున్నారు. మార్కుల ఒత్తిడి తగ్గించుట ఒక ఉద్దేశము. అయితే ఒత్తిడి ఎక్కడికి పోతుంది? ఒక గదిలో నుండి లేచి ప్రక్క గదిలో కూర్చున్నది. ధ్రువపత్రమునకు కావలసిన ఆ రెండు స్టెప్‌లలో ఇప్పుడు అంకె మిగిలినది స్టెప్ 2 సికె ఒక్కదానికే. తొమ్మిది గంటలు పట్టే ఆ ఒక్క దినపు పరీక్ష మీదికి అందరి చూపు మళ్ళినది. ఉత్తీర్ణతకు కావలసిన స్కోరు కూడ పెరుగుతూ వచ్చింది. 2022 జూలై నుండి 214గా ఉన్నది 2025 జూలై నుండి 218 అయినది. కాని పాసైతే చాలదు. అమెరికాలో చదివిన పిల్లల సగటే 250కి దరిదాపుల్లో ఉంటుంది.

మన తలిదండ్రులకు అన్నిటికంటె మ్రింగుడుపడని నియమము మరొకటి. ఒకసారి పాసైన పరీక్షను స్కోరు పెంచుకొనుటకు మరల వ్రాయనివ్వరు. ఎంసెట్ ర్యాంకు బాగా రాకపోతే లాంగ్‌టర్మ్‌లో చేర్పించి మరల వ్రాయించుట మనకు అలవాటు. ఇక్కడ ఫెయిలైన వాడు మరల వ్రాయవచ్చును గాని, తక్కువతో పాసైన వాడు వ్రాయరాదు. ఫెయిలైనవి కూడ దాగవు. ఎన్నిసార్లు వ్రాసినదీ మార్కుల పత్రములో కనిపిస్తుంది. ఒక్కొక్క స్టెప్‌కు నాలుగు ప్రయత్నములే హద్దు.

మా సంఘములో ఆర్టీసీలో కంట్రోలరుగా పనిచేసి రిటైరైన ఒక సహోదరుడున్నారు. ఆయన భార్య ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఇంటి మీద అప్పు తీసికొని కుమార్తెను ఈ పరీక్షలకు పంపారు. అమ్మాయి 2022లో హౌస్ సర్జన్సీ ముగించి అదే ఏడు స్టెప్ 1 పాసైనది. 2023లో స్టెప్ 2లో 229 వచ్చింది. ఆ రాత్రి తండ్రి మా ఇంటికి వచ్చి వరండాలోనే నిలిచిపోయారు.

"అయ్యగారూ, 250 దాటితేనే పిలుస్తారంట. పాసయింది గనక మళ్ళీ రాయడానికి లేదంట. ఫెయిలయినా బాగుండేదేమో!"

ఆ మాట అనకూడదని మా ఇంటావిడ మెల్లగా చెప్పింది. నిజమునకు ఆ మాట సరియైనదియు కాదు. ఫెయిలు అన్న ముద్ర తక్కువ స్కోరుకంటె బరువైనది. మా సంఘములోనే మరొక కుటుంబపు అబ్బాయికి స్టెప్ 2లో 258 వచ్చింది. అయితే స్టెప్ 1 ఒకసారి తప్పినాడు. దరఖాస్తులు వేలల్లో వచ్చునప్పుడు ఆసుపత్రులవారు కంప్యూటరులో జల్లెడ పెట్టుకొనవచ్చును. ఇంత స్కోరు దాటినవారు, ఏ స్టెప్‌లోను తప్పనివారు, పట్టా పొంది ఇన్ని సంవత్సరములు మించనివారు అని. ఆ జల్లెడలో జారిపోయిన కాగితమును మనుష్యుడు చదువకనే పోవచ్చును. ఆ అబ్బాయికి అంత స్కోరు ఉండియు పిలుపులు ఐదే వచ్చినవి. ఐదింటిలో ఒకచోట చేరినాడు, అది వేరే సంగతి.

కాలేజీ మార్కుల విషయము చాలామంది అడుగుతారు. అమెరికాలో చదివిన విద్యార్థికి ఆసుపత్రి వార్డులలో పనిచేసిన ప్రతి విభాగమునకు ఆనర్స్, హై పాస్, పాస్ వంటి గ్రేడులు ఇచ్చే కాలేజీలు అనేకము. వాటిని కాలేజీ డీన్ పంపే సుదీర్ఘమైన ఉత్తరములో వివరిస్తారు. మన పిల్లలకు వచ్చేది శాతము. మన విశ్వవిద్యాలయములలో 50 వస్తే పాసు, 75 వస్తే డిస్టింక్షను. ఎంబిబిఎస్‌లో 64 శాతము తెచ్చుకొన్న పిల్ల మన దృష్టికి కష్టపడి చదివినది. మన పద్ధతి ఎరుగని వాడు ఆ 64ను చూచి ఏమనుకొనును? అందుచేత విదేశములలో చదివినవారి విషయములో ఆ శాతములకంటె అందరికి ఒకటే కొలతగా ఉన్న స్టెప్ స్కోరునే చూచుట జరుగుతుంది. ఇది న్యాయమా అంటే, ఒక విధముగా న్యాయమే. గుంటూరులో చదివినా బోస్టనులో చదివినా ప్రశ్నలు ఒక్కటే. పేరు లేని కాలేజీలో చదివిన పేదవాని బిడ్డకు తలుపు తీసినదియు ఆ అంకెయే. ఈ మాట మరచి మార్కులను ఊరక తిట్టుట మాకు ఇష్టము లేదు.

ఇంక మేము కూడ ఇరుక్కొన్న సంగతి చెప్పాలి.

దరఖాస్తులో మార్కులు గాక అభ్యర్థి చేసిన పనులను పదింటి వరకు వ్రాయవచ్చును. వాటిలో ముఖ్యమైనవి మూడు ఎన్నుకొని వివరించవలెను. స్కోరు తక్కువైన పిల్లలకు ఈ భాగము ఊపిరి వంటిది. ఎవరో సలహాదారుడు ఆ సహోదరునితో, "మీ చర్చి వాళ్ళు ఉచిత వైద్య శిబిరాలు పెడతారుగా, రెండేళ్ళు ప్రతి నెలా మీ అమ్మాయి పనిచేసినట్టు లెటర్‌హెడ్ మీద తెండి" అన్నాడట. అటువంటి కాగితము జతపరచవలెనన్న నియమమేమియు లేదని తరువాత తెలిసినది. కాని ఆ దినము ఆయన మా యెదుట కూర్చుండి అడిగినది అదే.

ఆ అమ్మాయి వచ్చినది రెండు శిబిరములకు. రెండింటికి మేమక్కడ ఉన్నాము, పేర్లు వ్రాసిన పుస్తకము మా బీరువాలోనే ఉన్నది. రెండు అని వ్రాసి, తేదీలు వేసి, ముద్ర కొట్టి ఇచ్చినాము. ఆయన కాగితము చదివి, మడిచి, బల్ల మీదనే పెట్టి లేచారు.

"నా ఇల్లు తాకట్టులో ఉంది అయ్యగారూ. మీరు ఒక్క సున్నా పక్కన పెడితే నా బిడ్డ బతుకుద్ది."

ఆ సెప్టెంబరు నుండి ఆయన ఆరాధనకు రాలేదు. నర్సమ్మగారు మాత్రము డ్యూటీ లేని ఆదివారములలో వచ్చి, చివరి వరుసలో కూర్చుండి, ముగింపు ప్రార్థనకు ముందే వెళ్ళిపోయేవారు. మేము వ్రాసినది సత్యమే. అయినను ఒక తండ్రి ఆ విధముగా మన ముంగిటనుండి లేచి వెళ్ళిన తరువాత, సత్యము చెప్పితిమి గదా అని సుఖముగా నిద్రపోవుట ఏ కాపరికిని సాధ్యము కాదు. అమ్మాయి మాత్రము ఆ కాగితమును మా ఇంటావిడ యొద్ద అడిగి తీసికొన్నది. దరఖాస్తులో రెండు శిబిరములనే వ్రాసినదట.

ఇంకొక మాట. సిఫారసు ఉత్తరము కూడ కాపరిగారే వ్రాయాలని కొందరు వస్తారు. మా ఉత్తరము అక్కడ అంతగా పనికిరాదు. రోగి మంచము ప్రక్కన ఆ బిడ్డ పనిచేయగా చూచిన డాక్టరు, వీలైతే అమెరికాలో చూచిన డాక్టరు వ్రాయాలి. ఒక్కొక్క ప్రోగ్రామునకు నాలుగు ఉత్తరముల వరకు పంపవచ్చును. ఆ ఉత్తరమును చూచే హక్కును అభ్యర్థులు సాధారణముగా వదులుకొంటారు. తన గూర్చి ఏమి వ్రాశారో ఆ బిడ్డకు తెలియదు. మన ఊరిలో సర్టిఫికెట్టు వ్రాయించుకొన్నవాడు మన ముందే చదివి "ఇంకో మంచి మాట కలపండి" అని అడుగుట చూచిన మాకు ఈ పద్ధతి నచ్చినది.

మన దేశములో పి.జి. సీటుకు ఈ తంటా లేదు గదా అని అడుగుతారు. నిజమే. నీట్ పి.జి.లో ఎంబిబిఎస్ గ్రేడులూ ఉత్తరములూ ఇంటర్వ్యూలూ ఏమియు లేవు. మూడున్నర గంటలు, 200 ప్రశ్నలు, ఒక్క ర్యాంకు. సిఫారసుకు తావు లేకపోవుట దాని బలము. 2024లో ఆ పరీక్షను జూన్ 23న పెట్టవలసి ఉండి ముందటి రాత్రి వాయిదా వేశారు. ఊరు కాని ఊరికి బయలుదేరిన పిల్లలు దారిలో ఆ వార్త విన్నారు. పరీక్ష ఆగస్టు 11న జరిగింది. 2023లోనైతే సీట్లు మిగిలిపోవుచున్నవని అర్హత పర్సెంటైల్‌ను సున్నాకు దించారు. అంకె ఒక్కటే దిక్కయినప్పుడు ఆ అంకె కూడ ఇట్లు వంగుతుంది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు మార్కులతో పాటు బిడ్డ మనస్సును, సేవాభావమును తామే పరీక్షించి తీసికొనేవారని మన పెద్దలకు తెలుసు. 2017లో నీట్ విధానము వచ్చినప్పుడు ఆ కళాశాల 100 ఎంబిబిఎస్ సీట్లలో ఒక్కటి మాత్రము నింపి తక్కినవి ఖాళీగా ఉంచినది. 2020 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు మైనారిటీ సంస్థలకును నీట్ వర్తిస్తుందని తీర్పు చెప్పినది. ఆ విషయములో మన వారిలోనే రెండు అభిప్రాయములు ఉన్నవి. మా మట్టుకు మేము, రోగి దగ్గర కూర్చోగల బిడ్డను ప్రశ్నపత్రము ఒక్కటే పట్టుకోలేదని అనుకొంటాము.

మ్యాచ్ సంగతికి వద్దాము. పెద్దమ్మగారు పొరబడలేదనే చెప్పాలి. 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు కాలేజీ ప్రవేశములను గూర్చియు వివాహముల స్థిరత్వమును గూర్చియు కలిపి ఒక వ్యాసము వ్రాశారు. అంతకు ముందే 1952 నుండి అమెరికా ఆసుపత్రులు డాక్టర్లను జతపరచుటకు వాడుతున్న పద్ధతి అదే కోవకు చెందినదని తరువాత తేలినది. ఆల్విన్ రోత్ అనే ఆర్థికవేత్త దానిని సంస్కరించగా 1998 నుండి ఆ రీతిని నడుపుచున్నారు. షాప్లీకి, రోత్‌కు 2012లో నోబెల్ బహుమానము వచ్చింది. ఇంటర్వ్యూలు ముగిసిన తరువాత అభ్యర్థి తనకు ఇష్టమైన వరుసలో ప్రోగ్రాముల పట్టిక ఇస్తాడు. ప్రోగ్రామువారు తమకు ఇష్టమైన వరుసలో అభ్యర్థుల పట్టిక ఇస్తారు. కంప్యూటరు జతపరుస్తుంది.

"పెద్ద ఆసుపత్రిని మొదట పెడితే, వాళ్ళు కాదంటే, చిన్నవాళ్ళు కూడా కోపగించుకొని వదిలేస్తారేమో" అని తలిదండ్రులు భయపడతారు. అట్లు జరుగదు. మీరు వారిని ఎన్నవ స్థానములో వ్రాశారో వారికి తెలియదు. పైన వ్రాసినది తప్పిపోయినందున క్రింద వ్రాసినదానికి నష్టము రాదు. మనస్సులో ఉన్న వరుసనే వ్రాయుట అభ్యర్థికి మేలు. మరియు ఇంటర్వ్యూ వరకు వచ్చిన తరువాత స్కోరు బలము కొంత తగ్గుతుంది. ఆ బిడ్డ మాటతీరు, మర్యాద, తోటివారితో కలిసే స్వభావము అక్కడ తూచబడుచున్నవి. జత కుదిరిన తరువాత మాత్రము అది నిశ్చితార్థము వంటిది, కాదనుటకు వీలు లేదు.

మార్చి మూడవ వారపు సోమవారము జత కుదిరినదీ లేనిదీ మాత్రమే చెప్పుతారు. ఎక్కడ అన్నది శుక్రవారము గాని తెలియదు. 2024 మార్చిలో ఆ సోమవారము సాయంకాలము మా అమ్మాయికి లేదు అని వచ్చింది. నూట ముప్పది ప్రోగ్రాములకు, అన్నియు ఇంటర్నల్ మెడిసిన్‌కే, దరఖాస్తు పెడితే ఒక్క ఇంటర్వ్యూ వచ్చియున్నది. ఆ సంవత్సరము అమెరికా ఎం.డి. విద్యార్థులలో నూటికి 93 మందికి పైగా జత కుదిరితే, విదేశీయులైన విదేశ పట్టభద్రులలో నూటికి 58 మందికి కుదిరింది. మిగిలిన నలువదికి పైగా మందిలో ఒక్కొక్కరి వెనుక ఇటువంటి ఇల్లు ఒకటి ఉన్నదని తలంచుకొనండి. మిగిలిన సీట్లకు ఆ వారములోనే మరొక విడత ఉన్నది. అక్కడ కూడ రాలేదు.

మేము వారింటికి వెళ్ళినాము. తండ్రి తలుపు తీశారు. కాఫీ ఇచ్చారు. ఎవరమూ సర్టిఫికెట్టు మాట ఎత్తలేదు. ఏ బోధయు చేయకుండ ఒక గంట కూర్చుండి వచ్చినాము.

రెండవ ఏడు అమ్మాయి స్కోరు మారలేదు, మార్చుటకు దారియు లేదు. మారినవి తక్కినవి. పిన్నిగారి ఇంట ఉండి రెండు నెలలు అక్కడి క్లినిక్కులలో పనిచూచి ఇద్దరు డాక్టర్ల ఉత్తరములు సంపాదించినది. ఫ్యామిలీ మెడిసిన్‌కు పెట్టినది. ఇటీవల అనేక విభాగములలో, మీ ప్రోగ్రాము నాకు నిజముగా ఇష్టమని కొద్ది ఆసుపత్రులకు మాత్రమే సూచన పంపే ఏర్పాటు వచ్చింది. వాటిని పేరున్న చోట్లకు గాక చిన్న పట్టణములకు పంపినది. నాలుగు ఇంటర్వ్యూలు వచ్చినవి.

వాటిలో ఒకదానిలో అడిగిన పెద్ద డాక్టరు, రెండే శిబిరములని వ్రాసినావే, రెండింటిలో ఏమి చూచినావు అన్నాడట. కాలి పుండుతో వచ్చిన ఒక అవ్వ సంగతి ఈమె చెప్పినది. ఆ అవ్వకు ఇన్సులిన్ వ్రాసి ఇచ్చారు గాని ఇంట ఫ్రిజ్ లేదు. మందు చెడిపోతుందని ఎవరో అంటే అవ్వ అసలు తెచ్చుకొనుటయే మానివేసినది. రెండవ శిబిరమునాడు అమ్మాయి ఆ ఇంటికి నడిచి వెళ్ళి, క్రొత్త కుండలో తడి ఇసుక పోయించి, సీసాను అందులో చల్లగా ఉంచుట చూపి వచ్చినది. ఇంటర్వ్యూ సగము ఆ కుండ మీదనే గడచినదట. ఇంతా చేసి ఆమెకు సీటు వచ్చినది ఆ ప్రోగ్రాములో కాదు, మరొక చోట! అక్కడ ఎవరూ కుండ సంగతి అడగనే లేదు.

2025 మార్చిలో జత కుదిరినది. అంతటితో గండము గడవలేదు. మే 27న అమెరికావారు విద్యార్థి, ఎక్స్చేంజి వీసాల క్రొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇచ్చుట ఆపివేశారు. జూన్ 18 వరకు ఆ తలుపు మూసియే ఉన్నది. సాధారణముగా రెసిడెన్సీ మొదలయ్యేది జూలై 1న. అమ్మాయి మూడు వారములు ఆలస్యముగా చేరినది. వారు ఓర్చుకొన్నారు.

ఈ దారిలో ఇంకొక గుంట ఉన్నది, అది కూడ చెప్పి ముగిస్తాము. పరీక్షలో వచ్చిన ప్రశ్నలను జ్ఞాపకముంచుకొని బయటికి తెచ్చి ఇతరులకు అందించేవారు ఉన్నారు. 2024 జనవరిలో నేపాలుకు సంబంధించిన అనేకమంది అభ్యర్థుల స్టెప్ స్కోర్లను పరీక్ష నిర్వాహకులు చెల్లనివిగా ప్రకటించారు. అటువంటి ప్రశ్నల గుంపులో చేర్పిస్తామని ఎవరైన డబ్బు అడిగితే, అది పుస్తకము కొన్నట్టు కాదని పిల్లలకు ముందే చెప్పి ఉంచుడి.

ఆ అమ్మాయి తమ్ముడు ఇప్పుడు ఎంబిబిఎస్ ఫైనలియరు. తండ్రి క్రిస్మసు ఆరాధనకు మొదలుకొని మరల వస్తున్నారు. మొన్న బుధవారపు ఉపవాస కూటము ముగిసిన తరువాత చెప్పులు వేసికొంటూ ఆగి, "అయ్యగారూ, వీడికి క్యాంపు ఎప్పుడు పెడతారు?" అని అడిగారు. వచ్చే శిబిరము రెండవ శనివారము, ఉదయము ఎనిమిది గంటలకు బల్లలు సర్దాలని చెప్పి, కుర్రవాని పేరు పుస్తకములో వ్రాసికొన్నాము.